మహిళా జైళ్లలోకి కుక్కలు ఎలా వచ్చాయి

ఖైదీల దగ్గరికి కుక్కల్ని తీసుకెళ్లడమంటే కాసేపు నిమురుకుని ఊరట పొందడానికే అనుకుంటాం. ఆడవాళ్ల జైళ్లలో అది మొదలైంది మాత్రం పనిగానే.

1975లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, నేరం చేసిన మానసిక రోగులుండే లైమా ఆసుపత్రిలో, దెబ్బ తగిలిన పిచ్చుకను రోగులు చాటుగా సాకారు. వాళ్లలో మార్పు చూసిన సోషల్ వర్కర్ డేవిడ్ లీ వార్డులోకి పెంపుడు జంతువుల్ని రప్పించాడు. మహిళా జైలు వంతు 1981లో వచ్చింది. వాషింగ్టన్ రాష్ట్రం గిగ్ హార్బర్‌లో కాథీ క్విన్ అనే ఆమె, పశువైద్య కళాశాల డీన్ లియో బస్టాడ్ అండతో, ఖైదీల చేత కుక్కలకు శిక్షణ ఇప్పించడం మొదలుపెట్టింది. ఆ కుక్కలు వికలాంగులకు సాయంగా వెళ్లేవి. 1997లో న్యూయార్క్ బెడ్‌ఫర్డ్ హిల్స్ మహిళా జైల్లో ‘పపీస్ బిహైండ్ బార్స్’ అనే కార్యక్రమం వచ్చింది. అక్కడ కుక్కపిల్ల సెల్లోనే ఉంటుంది, శిక్షణకు సుమారు రెండేళ్లు.

రాజమహేంద్రవరం మహిళా జైలు లాంటి చోట ఇలాంటిది పెట్టాలంటే ముందు అడ్డొచ్చేది ఆ రెండేళ్లే. రిమాండ్ మీద ఉన్నామెకు బెయిల్ ఎప్పుడొస్తుందో తెలీదు. చేతులు మారిన కొద్దీ కుక్క నేర్చింది చెదిరిపోతుంది. అందుకని పెంపకం శిక్ష పడ్డవాళ్లకు, ఒక్కో కుక్కకు ఇద్దరి చొప్పున అప్పగించాలి. రిమాండ్ వాళ్లకు వారానికోసారి బయటినుంచి వచ్చే కుక్క చాలు. ఆరేళ్లలోపు పిల్లలు తల్లులతో జైల్లో ఉండొచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పొచ్చింది ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మీద నడిచిన కేసులోనే. అలా పిల్లలూ అక్కడే ఉంటారు కాబట్టి వాళ్ల దగ్గరికి తాడు లేకుండా కుక్కను వదలకూడదు.

గోదావరి డెల్టాలో ఉక్కపోతను తేలిగ్గా తీసుకుంటారు. కుక్క రొప్పుతూ, నోటి తడి ఆవిరైతేనే చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ తడి ఆరదు. వేసవిలో శిక్షణ పొద్దున్నే పెట్టాలి, అరగంటకు మించొద్దు. దాని ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే పని ఆపి, నీళ్లతో తడిపి ఫ్యాన్ కింద ఉంచి, డాక్టరుకు కబురు చేయాలి.

వానల్లో ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ (లెప్టో) అనే జబ్బు సోకుతుంది. కుక్కకు లెప్టో టీకా, రేబిస్ టీకా రెండూ ఏటా వేయించాలి. మొదటి రేబిస్ టీకా మూడు నెలల వయసులో. లెప్టోది మాత్రం మొదట రెండు డోసులు, మధ్య రెండు నుంచి నాలుగు వారాల ఎడం. ఆ రెండో డోసు మరిచిపోతే మొదటిది వేయించిన ఫలితం దక్కదు. గోమార్ల కోసం చెవుల లోపల, వేళ్ల సందుల్లో రోజూ వెతకాలి. లెప్టో భయం ఉంటుంది కాబట్టి కుక్క మూత్రం కడిగేవాళ్లకు గ్లవుజులు, బ్లీచింగ్ పౌడర్ ముందే ఇవ్వాలి.