ఓక్ బల్ల మీద నల్ల మచ్చ

చికాగోలో మా అక్కవాళ్ళు ఇష్టపడి కొనుక్కున్న ఓక్ భోజనాల బల్ల మీద ఒక రాత్రి కడిగిన ఇనుప పెనం తడితోనే ఉండిపోయింది. పొద్దున్నే తీసి చూస్తే గుండ్రంగా నల్లటి మచ్చ. అక్క సబ్బు పెట్టి ఎంత తోమినా పోలేదు. పోదు కూడా, అది మురికి కాదు గనక. అది సిరా.

ఓక్ చెక్క నిండా టానిన్లుంటాయి. కరక్కాయకు వగరునిచ్చేవీ ఆ జాతి పదార్థాలే. తడిలో ఇనుము రవంత కరిగి వాటిని తాకితే నలుపు పుడుతుంది. ఐరోపాలో వందల ఏళ్ళు ఓక్ కొమ్మల మీద పురుగు గుడ్లు పెట్టినచోట లేచే బుడిపెలను నానబెట్టి, అన్నభేది అనే ఇనుప లవణం కలిపి రాతసిరా చేసుకున్నారు. మన శ్రీకాళహస్తి కలంకారీలోనూ ఇదే రసాయనం. కరక్కాయ, పాలలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద, ఇనుప తుక్కును బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రవంతో గీస్తే చిక్కని నలుపు తేలుతుంది. అక్క బల్ల మీద పెనం గీసిందీ అలాంటి గీతే.

ఈ మచ్చకు మందు ఆక్సాలిక్ ఆమ్లం. అది ఇనుమును పట్టుకుని నీళ్ళలో కరిగే రూపంలోకి మారుస్తుంది. అయితే ముందు పైపూత తీసేయాలి, చేతులకు తొడుగులుండాలి, తర్వాత నీళ్ళతో బాగా తుడవాలి. విషం కాబట్టి, పిల్లలున్న ఇంట్లో ఆ పని వడ్రంగికి అప్పగించడమే నయమంటాను. ఇనుప పీచుతో మాత్రం రుద్దొద్దు. తెగిన పోగులు చెక్కలో చిక్కుకుంటే ఒక మచ్చ పది మచ్చలవుతుంది. వేడి గిన్నె కింద వచ్చే తెల్ల మచ్చ వేరు. అక్కడ తేమ పైపూతలోనే చిక్కుకుంది, కొన్నిసార్లు కొన్నాళ్ళకు తానే పోతుంది.

చలికాలం ఇంకో బెంగ. హీటర్ల వేడికి ఇంట్లో గాలి పొడిబారి, చెక్క అడ్డంగా కుంచించుకుపోతుంది. పొడవులో దాదాపు మారదు. మీటరు వెడల్పున్న బల్ల వేసవికీ చలికాలానికీ సెంటీమీటరు దాకా తేడా చూపగలదు. పలకల మధ్య సందు కనిపించగానే లప్పం పెట్టకండి. వేసవి తేమకు చెక్క ఉబ్బినప్పుడు దానికి ఆ సందే చోటు.

నూనె పూత బల్లయితే అప్పుడప్పుడు అవిసె నూనె పలచగా రాసి తుడిస్తే చాలు. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టి పొరవుతుంది. కొబ్బరినూనె అలా ఆరదు, జిడ్డుగా మిగిలి దుమ్ము పట్టుకుంటుంది. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి కూడా పుడుతుంది. తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే లోపల ఆ వేడి పెరిగి వాటంతటవే అంటుకోవచ్చు. ఒక్కో గుడ్డనూ విప్పి ఆరుబయట పరవండి. పూర్తిగా గట్టిపడ్డాకే చెత్తబుట్టలో వేయండి.