నారకు నీళ్ళతో పాత తగువు

అరటి నారతో కారు డోర్లు, బ్యాక్టీరియా పెరగకుండా వెండి నానో కణాలు (కంటికి కనిపించనంత చిన్న రేణువులు) పట్టించిన బట్టలు... ఇలాంటి పరిశోధనల వార్తలు ఈ మధ్య తరచూ వస్తున్నాయి. అన్నింటినీ కొత్త ఆవిష్కరణలుగానే చెబుతారు. నిజానికి నారను రెసిన్‌తో (గట్టిపడే జిగురు లాంటి ప్లాస్టిక్‌తో) కలిపి గట్టి పలకలా చేయడం ఎనభై ఏళ్ళు దాటిన పని. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అల్యూమినియంకు కొరత వస్తుందన్న భయంతో బ్రిటన్‌లో అవిసె నార, ఫినాలిక్ రెసిన్‌లతో స్పిట్‌ఫైర్ విమానం బాడీనే చేసి చూశారు.

ఉక్కు దొరకని తూర్పు జర్మనీ ఇంకా ముందుకు వెళ్ళింది. 1957 నుంచి 1991 దాకా అక్కడ తయారైన ట్రబాంట్ కారు పై పలకలు చాలావరకు పత్తి వ్యర్థానికి రెసిన్ పట్టించి, వేడి మీద అచ్చు వేసినవే. ముప్పై లక్షలకు పైగా కార్లు రోడ్డెక్కాయి. తుప్పు పట్టదు, బాగానే ఉంది. బెర్లిన్ గోడ కూలాక జనం వాటిని వదిలేయడంతో అసలు తలనొప్పి మొదలైంది. ఆ పలకలు కరగవు, కాలిస్తే విషపు పొగ. పత్తి సహజమే, దాన్ని పట్టి ఉంచిన రెసిన్ కాదు కదా! ఇవాళ ‘పర్యావరణహితం’ ముద్రతో వచ్చే చాలా కాంపోజిట్లలోనూ (నార, రెసిన్ కలిపి చేసిన పదార్థాల్లోనూ) సగానికి పైగా ఉండేది ఎపాక్సీ లాంటి రెసినే.

ఈలోగా గ్లాస్ ఫైబర్ వచ్చి నారను పక్కకు నెట్టేసింది. గాజు నీళ్ళు పీల్చదు, పోగులన్నీ ఒకేలా ఉంటాయి. నారలోని ప్రధాన పదార్థమైన సెల్యులోజ్‌కు నీళ్ళంటే ప్రాణం, రెసిన్‌కు అవి అసలు పడవు. అందుకే రెండూ గట్టిగా అతుక్కోవు. తేమకు నార ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, ఆ సందుల్లో పగుళ్ళు పుడతాయి. దీనికి ఇప్పటికీ ఎక్కువగా వాడే మందు కాస్టిక్ సోడాలో నానబెట్టడం. 1844లో జాన్ మెర్సర్ నూలు బట్ట మీద కనిపెట్టిన పద్ధతే ఇది. నార మీది హెమిసెల్యులోజ్, లిగ్నిన్ అనే పదార్థాలు కొంత పోయి, రెసిన్‌కు పట్టు దొరుకుతుంది.

మన దేశంలో 1980లలో తిరువనంతపురం ప్రాంతీయ పరిశోధనశాల కొబ్బరి పీచు, అరటి, కిత్తనారల మీద పనిచేసింది. తర్వాత అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎ.వరదరాజులు బృందం హిల్డెగార్డియా అనే అరుదైన చెట్టు బెరడులో సహజంగానే బట్టలా అల్లుకున్న నారను పరీక్షించింది. 2000లో ఐరోపా సమాఖ్య పాత కార్ల రీసైక్లింగ్‌కు చట్టం తెచ్చాక కార్ల కంపెనీలకూ నార మీద ఆసక్తి పెరిగింది.

నానో బట్టలదీ ఇదే తగువు. 2008లో అమెరికాలోని అరిజోనాలో ఇద్దరు పరిశోధకులు మార్కెట్లో దొరికే వెండి సాక్సులను నీళ్ళలో ఉతికి చూశారు. కొన్నింటి నుంచి కొద్ది ఉతుకుల్లోనే వెండి దాదాపు అంతా పోయింది, కొన్నింటి నుంచి దాదాపు ఏమీ రాలేదు. తేడా వెండిలో కాదు, దాన్ని పట్టించిన తీరులో ఉండవచ్చని వాళ్ళు అన్నారు. అందుకే ఇప్పుడు కణాలను పైన పూయకుండా, పోగులోనే పుట్టించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. బట్టను తులసి లాంటి ఆకుల రసంలో నానబెట్టి, తర్వాత వెండి లేదా రాగి లవణం ద్రావణంలో ముంచుతారు. ఆ రసం లవణంలోని లోహాన్ని పోగులోనే కణాలుగా మారుస్తుంది. వినడానికి వంటింటి చిట్కాలా ఉన్నా రసాయనం పక్కాదే.

అయితే చాలా పరిశోధనా పత్రాలు ఉతకని బట్ట మీద బ్యాక్టీరియా పెరగలేదని చూపించి ఆగిపోతాయి. ఇరవై ఉతుకుల తర్వాత ఏమైందో చెప్పేవి తక్కువ. ఉతికిన నీటితో పోయిన వెండి మురుగు శుద్ధి కేంద్రానికి చేరి, చాలావరకు సిల్వర్ సల్ఫైడ్‌గా మారి బురదలో ఉండిపోతుంది. అలా మారాక దాని విషప్రభావం బాగా తగ్గుతుంది. కానీ ఆ బురదను చాలా దేశాల్లో పొలాలకు ఎరువుగా వేస్తారు.