పాఠశాలల్లో రోబోటిక్స్, కోడింగ్, ఒలింపియాడ్: అపోహలు – వాస్తవాలు

వేసవిలో ప్రవేశాల కాలం వచ్చిందంటే బడుల ఫ్లెక్సీల మీద మాటలు మారుతుంటాయి. ఒకప్పుడు ‘ఇంగ్లిషు మీడియం’, ఆ తరువాత ‘టెక్నో’, ‘ఐఐటీ ఫౌండేషన్’, ఇప్పుడు ‘రోబోటిక్స్, కోడింగ్, ఏఐ’. భౌతికశాస్త్రం బోధిస్తూ బడిలోని టింకరింగ్ ల్యాబు (పిల్లలు పరికరాలతో స్వయంగా ప్రయోగాలు చేసే గది) బాధ్యత కూడా చూస్తున్నందువల్ల, ఈ సరుకు అమ్మేవారితోనూ, కొనే యాజమాన్యాలతోనూ, చివరికి ఫీజు కట్టే తల్లిదండ్రులతోనూ తరచూ మాట్లాడవలసి వస్తుంది. ఆ మాటల్లో పదేపదే వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ల్యాబు ఏర్పాటైతే సాంకేతిక విద్య మొదలైనట్లే.

వాస్తవం: ల్యాబుకు అయ్యే అసలు ఖర్చు ప్రారంభోత్సవం మరునాటి నుంచి మొదలవుతుంది. నీతి ఆయోగ్ ఆధ్వర్యంలోని అటల్ టింకరింగ్ ల్యాబుల పథకంలో ఒక్కో బడికి ఇచ్చే 20 లక్షల రూపాయల్లో 10 లక్షలు మాత్రమే పరికరాలకు, ఏర్పాట్లకు. మిగతా 10 లక్షలు గరిష్ఠంగా 5 సంవత్సరాల నిర్వహణకు. అంటే సగం డబ్బు నడపడానికే కావాలని ప్రభుత్వమే లెక్క వేసింది. ప్రైవేటు బడులకు కంపెనీలు ఇచ్చే కొటేషన్లలో నేను చూసినంతవరకు ఈ రెండో సగం కనిపించదు. కిట్లు, బల్లలు, గోడల మీద రాకెట్ బొమ్మలు అన్నీ ఉంటాయి. రెండో ఏడాది సర్క్యూట్లు కలిపే జంపర్ వైర్లు ఎవరు కొంటారో ఉండదు.

మా ల్యాబు మొదలైన ఏడాది ఎల్‌ఈడీల పెట్టె రెండు వారాల్లో ఖాళీ అయింది. పిల్లలు వాటిని, విద్యుత్ ప్రవాహాన్ని తగ్గించే రెసిస్టర్ లేకుండా, నేరుగా 9 వోల్టుల బ్యాటరీకి కలిపారు. యాజమాన్యం దాన్ని వృథాగా భావించి బీరువాకు తాళం వేయించింది. నిజానికి ఆ ఏడాది జరిగిన అత్యుత్తమ పాఠం ఆ కాలిపోయిన ఎల్‌ఈడీలదే. ఎర్ర ఎల్‌ఈడీకి సుమారు 2 వోల్టులు చాలు. మిగిలిన 7 వోల్టులను 330 ఓముల రెసిస్టర్ మీదికి మళ్లిస్తే ప్రవహించే విద్యుత్తు 21 మిల్లీఆంపియర్ల దగ్గర ఆగుతుంది. పదో తరగతిలో ఓమ్ నియమాన్ని అప్పజెప్పగలిగిన పిల్లలకే ఈ లెక్క తోచలేదు. చేతిలో ఎల్‌ఈడీ కాలిన తరువాత ‘ఎందుకు కాలింది సార్?’ అని వారే అడిగారు. ఆ ప్రశ్న పుట్టించడానికే ల్యాబు. పరికరాలు అరిగిపోకుండా, కాలిపోకుండా, పోకుండా భద్రంగా ఉన్నాయంటే వాటిని ఎవరూ ముట్టుకోలేదనే అర్థం. కాబట్టి బడి చూడడానికి వెళ్లినప్పుడు త్రీడీ ప్రింటర్ ఉందా అని అడగడం కంటే, ల్యాబు స్టాకు రిజిస్టరులో ఈ ఏడాది కొత్తగా ఏమేమి కొన్నారో అడగడం మేలు. (ప్రింటర్ సంగతికి వస్తే, అది కరిగించి వాడే ప్లాస్టిక్ తీగ, అంటే ఫిలమెంట్, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కోస్తా వానాకాలంలో ఆ తీగ చుట్టను బయట వదిలేస్తే ప్లాస్టిక్ బయటికి వచ్చే మూతి (నాజిల్) మొరాయిస్తుంది. ఈ మాట ఏ బ్రోచరులోనూ నాకు కనబడలేదు.)

అపోహ: ఒకటో తరగతి నుంచే కోడింగ్ నేర్పకపోతే పిల్లలు వెనకబడిపోతారు.

వాస్తవం: జాతీయ విద్యా విధానం 2020 కోడింగ్‌ను ప్రస్తావించినది మాధ్యమిక దశలో, అంటే ఆరో తరగతి నుంచి. ఆ ఏడాదే చిన్నపిల్లలు యాప్‌లు తయారుచేసి కోటీశ్వరులవుతారన్నట్లు సాగిన ఒక సంస్థ ప్రకటనల్లో కొన్నింటిని ఉపసంహరించుకోవాలని ప్రకటనల ప్రమాణాల మండలి సూచించింది. తొందరపడే తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే: తెర మీద రంగుల బ్లాకులను జోడించి ప్రోగ్రాములు చేసే స్క్రాచ్‌ను అమెరికాలోని ఎంఐటీ రూపొందించింది, అది పూర్తిగా ఉచితం, అది 8 ఏళ్లు దాటినవారిని దృష్టిలో పెట్టుకుని చేసినది; అంతకంటే చిన్నవారికి స్క్రాచ్ జూనియర్ ఉంది, అదీ ఉచితమే. వేలకు వేలు పోసి కొనే కోర్సుల్లో చాలావాటిలో మొదటి నెలలు గడిచేది ఇటువంటి బ్లాకులను జరపడంతోనే.

అపోహ: బడిలో రాసే ఒలింపియాడ్‌లో పతకం వస్తే దేశస్థాయి గుర్తింపు వచ్చినట్లే.

వాస్తవం: ‘ఒలింపియాడ్’ అన్న పేరు ఎవరి సొత్తూ కాదు, ఏ సంస్థయినా పెట్టుకోవచ్చు. బడి ద్వారా రుసుము కట్టించుకుని, తరగతికి ఇంతమందికని పతకాలు పంచే పరీక్షలు ఆయా ప్రైవేటు సంస్థల సొంత పరీక్షలు. అంతర్జాతీయ సైన్సు ఒలింపియాడ్లకు భారత జట్టును పంపే మార్గం వేరు. దానిలో తొలి మెట్టు భారత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల సంఘం నిర్వహించే జాతీయ ప్రామాణిక పరీక్షలు. ఆ తరువాతి దశలను, శిక్షణ శిబిరాలను ముంబయిలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రం చూస్తుంది. పదో తరగతి లోపు పిల్లలకు జూనియర్ సైన్సు పరీక్ష ఉంది. మొదటి రకం పరీక్షలు రాయించడం తప్పని నేననను, పిల్లలకు కొంత సాధన అవుతుంది. అయితే రెండింటికీ ఒకే విలువ ఉందని ఫ్లెక్సీ మీద నమ్మించడం మాత్రం సరికాదు.

అపోహ: ఇవన్నీ డబ్బున్న బడులకు, ఇంగ్లిషు మాధ్యమానికే సాధ్యం.

వాస్తవం: కేంద్ర సైన్సు, సాంకేతిక శాఖ ఇన్‌స్పైర్ మానక్ పథకానికి ప్రభుత్వ పాఠశాలలూ విద్యార్థుల ఆలోచనలను పంపవచ్చు, ఎంపికైన విద్యార్థికి నమూనా తయారీ కోసం 10,000 రూపాయలు అందుతాయి. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ 172 ఎకరాల ప్రాంగణంలో ప్రయోగాల ద్వారా బోధిస్తూ, బడుల వద్దకే సంచార ప్రయోగశాలలను పంపుతున్నది. 1970లలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ సైన్సు బోధన కార్యక్రమంతో కలిసి పనిచేసిన అరవింద్ గుప్తా, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలనూ అగ్గిపుల్లలనూ కలిపి ఘనాకృతులు కట్టించారు. నేను ఈనాటికీ ఏడో తరగతిలో జ్యామితిని అలాగే మొదలుపెడతాను. త్రిభుజం నొక్కినా వంగదు, చతురస్రం ఒరిగిపోతుంది. వంతెనల మీద, సెల్ టవర్ల మీద త్రిభుజాలే ఎందుకు కనిపిస్తాయో చెప్పడానికి ఆ తరువాత నాకు పెద్దగా పని ఉండదు.