కొంచెం గీస్తేనే కనిపించే మెదడు

చిరంజీవులైన మనవలకు, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతి సెలవుల్లో మీరు సైన్సు రికార్డులో మెదడు బొమ్మను అక్రోటు పప్పులా గీసి గులాబీ రంగు పులుముతుంటే, "దీని లోపల ఏముంటుంది తాతయ్యా?" అని చిన్నది అడిగింది. అప్పుడు భోజనాల హడావిడిలో తప్పించుకున్నాను గానీ, ఆ జవాబు నేను మీకు బాకీ ఉన్నాను.

మెదడును పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే, రంగు వేయని ముక్కలో దాదాపు ఏమీ కనబడదు. కణాలన్నిటికీ రంగు పట్టిస్తే కొమ్మలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి చిక్కుబడిన జుట్టులా ఉంటుంది. 1873లో ఇటలీకి చెందిన కమిల్లో గోల్జీ, పొటాషియం డైక్రోమేటులో నానిన ముక్కను సిల్వర్ నైట్రేటులో ఉంచి, ఏ కొద్ది కణాలకో మాత్రమే, వాటికైతే కొమ్మల కొసల దాకా, నలుపు ఎక్కే పద్ధతిని కనుక్కున్నాడు.

అలాంటి ముక్కలను 1887లో మాడ్రిడ్‌లో చూసి ముగ్ధుడైనవాడు స్పెయిన్ వైద్యుడు సాంటియాగో రామోన్ ఇ కహాల్. ఈయన చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకున్నాడు. వైద్యుడైన తండ్రికి ఆ పిచ్చి నచ్చలేదు. చివరకు తండ్రీకొడుకులకు రాజీ కుదిర్చినవి శ్మశానంలో ఏరుకొచ్చిన ఎముకలు: తండ్రి పాఠం చెబుతుంటే కొడుకు వాటిని గీసేవాడు. (ఈ సంగతి మీ అమ్మతో అనకండి.)

కహాల్ చాలాసార్లు ఉదయమంతా చూసి, మధ్యాహ్నం జ్ఞాపకం నుంచి గీసి, మళ్లీ సూక్ష్మదర్శినితో సరిచూసుకునేవాడు. అనేక ముక్కల్లో చూసినవాటిని ఒకే బొమ్మలోకి తెచ్చేవాడు. కాబట్టి ఆయన గీసినది చూసినదానికి నకలు కాదు, ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకున్న తీర్పు. చిన్నమెదడులోని పుర్కింజీ కణం అనే ఒక రకం నాడీకణాన్ని ఆయన ఎలా గీశాడో చూడండి: పుస్తకంలో దాచుకున్న రావి ఆకు, పచ్చదనమంతా పోయి, ఈనెలతో మిగిలినట్టుంటుంది. ఆ కణం కొమ్మలు నిజంగానే ఆకులా చదునుగా ఉంటాయి. ఎదురుగా చూస్తే విసనకర్రలా విచ్చుకుని, పక్కనుంచి చూస్తే సన్నని పుల్లలా కనిపిస్తాయి. ఇలా గీస్తూ గీస్తూనే, నాడీకణాలు ఒకే అల్లిక కావని, దేనికదే విడిగా ఉంటుందని ఆయన 1888 నుంచి వాదించాడు. గోల్జీ ఒప్పుకోలేదు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చిన వేదిక మీద కూడా గోల్జీ తన అల్లిక వాదాన్నే వినిపించాడు! 1950లలో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కణాల మధ్య సందును చూపించాక కహాల్ మాట నిలిచింది.

ఈ కాలంలో నాడీశాస్త్రంలో డాక్టరేటు చేసిన చిత్రకారుడు గ్రెగ్ డన్, బ్రయన్ ఎడ్వర్డ్స్‌తో కలిసి, ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ కోసం పల్చని మెదడు ముక్క ఒకదాన్ని 22 రెట్లు పెద్ద చిత్రంగా చేశాడు. గోడంత ఉండే ఆ చిత్రంలో ఉన్నవి సుమారు 5 లక్షల నాడీకణాలే. మన తలలో ఉన్నవి సుమారు 8,600 కోట్లు. వేర్వేరు కోణాల్లో చెక్కిన సన్నని గాట్ల మీద బంగారు రేకు అద్దారు కాబట్టి, దీపం కదిలినప్పుడు ఒక్కో దారి ఒక్కోసారి మెరుస్తుంది; నెమలికంఠం రంగు పట్టుచీర మడత కదిలితే రంగు మారదూ, అలాగన్నమాట.

డన్ నాడీకణాల కొమ్మలను గీయడానికి కాగితం మీద సిరా చుక్క వేసి గాలి ఊదుతాడు. సిరా తనంతట తానే పాయలు పాయలుగా పరుగెడుతుంది. కొబ్బరి బొండాం తాగే స్ట్రాతో మీరూ ఊది చూసి, వచ్చినదాన్ని నాకు పంపండి. కింద పాత పేపరు పరచుకోవడం మాత్రం మరవకండి.

ఇట్లు,
మీ తాతయ్య