వరద కన్నా ముందే పుట్టిన పాట: అమెరికా చరిత్రను ఆటపాటలతో చెప్పడం వెనుక నూరేళ్ల నేపథ్యం

అమెరికా ఉన్నత పాఠశాలల్లో 1927 నాటి మిసిసిపీ వరద పాఠం చెప్పేటప్పుడు నల్లజాతి గాయని బెస్సీ స్మిత్ పాడిన 'బ్యాక్‌వాటర్ బ్లూస్' వినిపించే ఉపాధ్యాయులు ఉన్నారు. ఐదు రోజులు ఏకధారగా వాన కురిసి, ఇల్లూ వాకిలీ నీటిపాలై, పడవెక్కి బయటపడిన ఒక స్త్రీ తన గోడు చెప్పుకునే పాట అది. ఆరు లక్షలకు పైగా జనం నిరాశ్రయులయ్యారన్న అంకె చెప్పలేని సంగతిని ఆ మూడు నిమిషాల రికార్డు చెబుతుంది. చిక్కల్లా తేదీల దగ్గరే వస్తుంది. మౌండ్స్ లాండింగ్ దగ్గర కరకట్టకు గండి పడింది 1927 ఏప్రిల్ 21న. పాట రికార్డయింది ఫిబ్రవరి 17న. అంటే పాట ఆ గండి కన్నా రెండు నెలలు పెద్దది. 1926 డిసెంబరు చివర నాష్‌విల్‌లో కంబర్లాండ్ నది పొంగిన సందర్భమే దాని వెనుక ఉందని సంగీత పరిశోధకులు తర్వాత వెలికితీశారు.

అంతమాత్రాన ఆ పాటను పాఠంలో చేర్చిన ఉపాధ్యాయులు పూర్తిగా పొరబడ్డారని అనలేం. ఎందుకంటే ఆ ఏడు రికార్డు కొన్నవాళ్లు అందులో తమ వరదనే విన్నారు. ఒక పాట ఎందుకు పుట్టిందన్నది ఒక ప్రశ్న, జనం దాన్ని దేనికి వాడుకున్నారన్నది వేరొక ప్రశ్న, చరిత్రకు రెండూ కావలసినవే. అయితే ఆ వరదలో మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌విల్ కరకట్ట మీది గుడారాల్లో నల్లజాతి కూలీలను తుపాకీ కాపలాలో ఉంచి పని చేయించిన విషయం ఆ పాటలో ఎక్కడా లేదు. పాటను పాఠానికి అలంకారంగా కాక ఆధారంగా వాడాలంటే, పాత పత్రాన్ని అడిగినట్టే దాన్నీ ఎప్పటిది, ఎవరిది, ఎవరి ముందు పాడినది అని అడగక తప్పదు. ఆటపాటలతో చరిత్ర చెప్పడం అనే ఈ పద్ధతి కథంతా ఆ ప్రశ్నలను కొన్నిసార్లు అడిగి, కొన్నిసార్లు మరిచిన కథే.

ఇది ఈమధ్య ఎవరో కనిపెట్టిన బోధనా ప్రయోగం కాదు. 20వ శతాబ్దపు తొలి దశకాల్లో అమెరికాలో ఊరూరా 'పేజెంట్' అనే భారీ బహిరంగ ప్రదర్శనలు జరిగేవి. వందల మంది స్థానికులు వేషాలు కట్టి తమ ఊరి చరిత్రను తామే ఆడి చూపేవారు. వాటిలో ఎక్కువ భాగం ఊరి పెద్దల మెప్పు కోసం ఆడినవే. కానీ 1913లో న్యూయార్క్‌లో జరిగిన రెండు ప్రదర్శనలు మాత్రం వేరే దారి పట్టాయి. న్యూజెర్సీలోని ప్యాటర్సన్ పట్టు మిల్లుల కార్మికులు నెలల తరబడి సమ్మెలో ఉండగా, వాళ్లలో వెయ్యి మందికి పైగా జూన్ 7న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌కు తరలివచ్చి, తమ సమ్మెను తామే నటించి చూపారు. మిల్లు కాపలాదారుల తూటాకు బలైన వాలెంటీనో మోదెస్తీనో అంత్యక్రియల ఘట్టంలో శవపేటికను ప్రేక్షకుల మధ్య నుంచే వేదిక మీదికి మోసుకెళ్లారు, దాని మీద ఎర్ర కార్నేషన్ పూలు వేశారు, సమాధి దగ్గర నాయకులు చేసిన ప్రసంగాలనే ఆ నాయకులు మళ్లీ చేశారు. జరిగిన సంఘటనకూ దాని ప్రదర్శనకూ మధ్య కొన్ని వారాల ఎడమే ఉంది. ప్రదర్శనకు నష్టమే మిగిలింది, ఆ వేసవిలోనే సమ్మె కూడా ఓడింది.

అదే ఏడాది అక్టోబరులో, బానిసత్వ విమోచన ప్రకటనకు 50 ఏళ్లు నిండిన సందర్భంగా, డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ 'ది స్టార్ ఆఫ్ ఇథియోపియా' ప్రదర్శించారు. ఆఫ్రికా ప్రాచీన నాగరికతల నుంచి అమెరికా విముక్తి వరకు నల్లజాతి చరిత్రను సంగీత నృత్యాలతో కూర్చిన రూపకం అది. చరిత్రలో పరిశోధన చేసి హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందిన పండితుడు వేషాలనూ వాద్యాలనూ ఎందుకు ఆశ్రయించారో ఊహించడం కష్టం కాదు. పాఠ్యపుస్తకాల్లో చోటు లేనివారి చరిత్రకు వేదికే పుస్తకమైంది. 1915లో వాషింగ్టన్‌లో, 1916లో ఫిలడెల్ఫియాలో, 1925లో లాస్ ఏంజెలెస్‌లో దాన్ని మళ్లీ ఆడారు. 1926లో చరిత్రకారుడు కార్టర్ జి. వుడ్‌సన్ నీగ్రో చరిత్ర వారోత్సవాన్ని మొదలుపెట్టాక, ఈ ఒరవడి నల్లజాతి పిల్లల పాఠశాలల్లోకి చిన్న నాటికలుగా, పాటలుగా దిగింది.

ఆర్థిక మాంద్యం కాలంలో ప్రభుత్వమే ఈ పనిలోకి వచ్చింది. 1935లో మొదలైన ఫెడరల్ థియేటర్ ప్రాజెక్టు ఉపాధి లేని కళాకారులకు జీతాలిచ్చి, వ్యవసాయ సంక్షోభం, పేదల ఇళ్ల దుస్థితి వంటి విషయాలను 'లివింగ్ న్యూస్‌పేపర్' పేరుతో రంగస్థలం మీద చెప్పించింది. రాజకీయ ఆరోపణల నడుమ కాంగ్రెస్ నిధులు ఆపేయడంతో 1939 జూన్ 30న అది మూతపడింది. అంతకుముందే, 1933లో, జానపద గీతాల సేకర్త జాన్ లోమాక్స్, ఆయన కుమారుడు అలన్ సుమారు 140 కిలోల రికార్డింగు యంత్రాన్ని కారులో వేసుకుని దక్షిణాది జైళ్లు తిరిగారు. లూసియానాలోని అంగోలా జైల్లో ఖైదీగా ఉన్న నల్లజాతి గాయకుడు లెడ్‌బెల్లీ పాటలు వాళ్లకు అలాగే దొరికాయి. జైలు గోడల మధ్య, అధికారుల కనుసన్నల్లో ఉన్న ఖైదీ ఏ పాట ఎంచుకుంటాడు, ఏది మింగేస్తాడు అన్న ప్రశ్న ఆ రికార్డులు విన్నప్పుడల్లా అడగవలసిందే.

విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు ఈ సామగ్రిని గంభీరంగా తీసుకోవడానికి 1970ల దాకా పట్టింది. రాతప్రతులు మిగల్చని మనుషుల ఆలోచనలను వాళ్ల పాటల్లో, కథల్లో వెతకవచ్చని చరిత్రకారుడు లారెన్స్ లెవైన్ 1977 నాటి తన గ్రంథంలో నిరూపించారు. 1974లో క్లీవ్‌లాండ్‌లో మొదలైన నేషనల్ హిస్టరీ డే పోటీల్లో వ్యాసంతో పాటు ప్రదర్శన కూడా ఒక విభాగమైంది. పరిశోధించినదాన్ని విద్యార్థులు 10 నిమిషాల్లో నటించి చూపాలి, వాడిన ఆధారాల జాబితా మాత్రం వ్యాసానికి ఇచ్చినట్టే ఇవ్వాలి.

పాట కన్నా నాట్యం దగ్గర ఈ పద్ధతి బలం బాగా తెలుస్తుంది. 1914 ప్రాంతంలో వెర్నన్, ఐరీన్ క్యాసిల్ దంపతులు సంపన్న న్యూయార్క్‌కు కొత్త నాట్యాలు నేర్పేవారు. భుజాలు ఆడించకూడదు, తుంటి ఊపకూడదు, మోచేతులు ఎగరేయకూడదు, గెంతకుండా జారినట్టు కదలాలి అంటూ వాళ్లు నియమాలు అచ్చువేశారు. నల్లజాతి నాట్యాల్లోంచి వచ్చిన అడుగుల నుంచి ఆ జాతి ఆనవాళ్లను తుడిచేసే జాబితాగానే నాకు అవి కనబడతాయి. ఆ నియమాలు పాటిస్తూ ఒక్క నిమిషం అడుగులు వేసిన విద్యార్థికి, ఏది మర్యాద, ఏది మోటు అన్న గీత ఎవరు గీశారో ఉపన్యాసం అక్కర్లేకుండానే అర్థమవుతుంది. తమాషా ఏమిటంటే, ఆ నాట్యాలకు వాద్యబృందాన్ని నడిపినవాడు జేమ్స్ రీస్ యూరప్ అనే నల్లజాతి సంగీతకారుడు.

తర్వాత అదే జేమ్స్ యూరప్ నల్లజాతి సైనికుల 369వ పదాతి దళం బ్యాండు నాయకుడిగా మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ యుద్ధరంగానికి వెళ్లారు. 1919 ఫిబ్రవరి 17న ఆ దళం న్యూయార్క్‌లో విజయయాత్ర చేసినప్పుడు, ఫిఫ్త్ ఎవెన్యూ పొడవునా ఆయన బ్యాండు సైనిక గీతాలే వాయించింది. నల్లజాతివారి పేట అయిన హార్లెం చేరాకే వరస మార్చి, సొంత మనుషులకు సొంత సంగీతం వినిపించింది. ఆరు నెలలు తిరగకముందే షికాగోలో జాతి అల్లర్లు చెలరేగి 38 మంది చనిపోయారు. ఆ రోజు వాయించిన వరసలను వీథుల వారీగా నగరపటం మీద గుర్తిస్తే, యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్లజాతి సైనికుడి పరిస్థితి ఒక్క పీరియడ్‌లో చెప్పవచ్చు.

భారతీయులకు నేరుగా తగిలే పాఠం కూడా ఈ కాలంలోనే ఉంది. 1906లో రూత్ సెయింట్ డెనిస్ అనే అమెరికన్ నర్తకి 'రాధ' పేరుతో ఊహాజనితమైన గుడి నాట్యం న్యూయార్క్‌లో ప్రదర్శించి పేరు తెచ్చుకున్నారు. దానికి సంగీతం ఫ్రెంచి ఆపెరాలోది, చుట్టూ పూజారుల వేషాల్లో నిలబడ్డవాళ్లలో నిజమైన భారతీయులు ఉన్నారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే భారతీయ కూలీలను శ్వేతజాతి మూక తరిమికొట్టింది. 1917 చట్టం భారతీయుల వలసకు తలుపులు మూసింది. 1923లో సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థిండ్ కేసులో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. భారతదేశాన్ని వేదిక మీద చూసి చప్పట్లు కొట్టిన కాలమూ, భారతీయులను గడప దాటనివ్వని కాలమూ ఒక్కటే.

ఇలాంటి పాఠాలు ఎంత లోతుకు వెళ్లవచ్చన్నది ఇప్పుడు రాజకీయ వివాదం. జాతీయ చరిత్ర ప్రమాణాల ముసాయిదాను 1995 జనవరిలో సెనేట్ 99-1 ఓట్లతో ఖండించింది. 2021 నుంచి టెక్సాస్, ఓక్లహోమా వంటి రాష్ట్రాలు జాతి ప్రస్తావన ఉన్న బోధనకు హద్దులు గీస్తూ చట్టాలు చేశాయి. టెక్సాస్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలూ ఆ తరగతుల్లోనే చదువుకుంటున్నారు. అక్కడి ఉపాధ్యాయుడు రాగ్‌టైమ్ అనే నాటి నల్లజాతి సంగీతం వినిపించడానికి జంకనక్కర్లేదు. ఆ రాగ్‌టైమ్ స్వరపుస్తకాల అట్టల మీద నల్లవారిని వెక్కిరిస్తూ వేసిన బొమ్మలు చూపించేటప్పుడే ఆలోచనలో పడతాడు.

సామగ్రి మాత్రం ముందెన్నడూ లేనంతగా చేతికి అందుతోంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2011లో నేషనల్ జూక్‌బాక్స్ ద్వారా విక్టర్ కంపెనీ పాత రికార్డులను పది వేలకు పైగా ఆన్‌లైన్‌లో ఉంచింది. 2018 నాటి కాపీరైటు చట్టం ప్రకారం 1923కు ముందు విడుదలైన రికార్డులన్నిటికీ 2022 జనవరి 1న హక్కుల గడువు తీరిపోయింది, ఆ తర్వాతి వాటికి ఏడాదికొక ఏడాది చొప్పున తీరుతోంది. బెస్సీ స్మిత్ వరద పాట వంతు 2028 జనవరి 1న వస్తుంది.