మంచె మీద డబ్బా మోగకపోతే

తిరుపతి, బైరాగిపట్టెడ

చిరంజీవులైన పిల్లలకు తాత ఆశీస్సులు.

సర్వర్ల మీద మానిటరింగ్ ఏజెంట్ పెట్టే పని మీకు అప్పగించారనీ, అదెంత, రెండు కమాండ్ల పనేననీ మొన్న ఫోన్‌లో అన్నారు. రెండే, నిజమే. ఆ రెండోది మరిచిపోయి నేను పడిన అగచాట్లు చెబుతా వినండి.

అంతకుముందు మా నాయన సంగతి. చిత్తూరు దగ్గర మాకు శెనక్కాయ చేను ఉండేది. రాత్రయితే అడవిపందులు పడేవి. మంచె మీద కావలి మనిషి ఉండి, ఉండుండి డబ్బా వాయించేవాడు. నాయన ఇంటి అరుగు మీద ఆ మోత వింటూ హాయిగా గుర్రు పెట్టేవాడు. మోత ఆగిందా, దిగ్గున లేచి కూర్చునేవాడు!

ఏజెంట్ ఆ కావలి మనిషే. సీపీయూ ఎంత వాడుతోంది, మెమరీ ఎంత మిగిలింది, డిస్కు ఎంత నిండిందని చూసి, వేరేచోట ఉన్న మానిటరింగ్ సర్వర్‌కు కబురు పంపుతుంది. జాబిక్స్ అనే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ అయితే సర్వరే 10050 పోర్టులో (పోర్టంటే మిషనుకుండే ఒక ద్వారమనుకోండి) వచ్చి అడుగుతుంది, లేదా ఏజెంటే 10051కి తీసుకెళ్ళి ఇస్తుంది. ఇట్లా తెరవెనక పనిచేసేవాటిని యూనిక్స్‌లో డీమన్ అంటారు. దయ్యమనుకునేరు. మాక్స్‌వెల్ అనే భౌతికశాస్త్రవేత్త ఊహించిన, కనపడకుండా అణువులను ఏరి వేరుచేసే బుల్లి జీవిని తలుచుకుని 1960లలో ఎంఐటీ వాళ్ళు పెట్టుకున్న పేరది.

అప్పట్లో చిత్తూరు పక్కన ఒక మామిడిగుజ్జు ఫ్యాక్టరీ సర్వర్లు చూసేవాణ్ణి. ఏజెంట్ పెట్టి, లైనక్స్‌లో తెరవెనక పనులను (సర్వీసులను) లేపే, ఆపే కమాండు ‘సిస్టమ్‌సీటీఎల్ స్టార్ట్’ కొట్టి, నడుస్తోందని చూసుకుని ఇంటికొచ్చేశా. స్టార్ట్ అంటే ఇప్పటికి లేపడమే. మిషను మళ్ళీ బూటయినప్పుడు దానంతట అది లేవాలంటే ‘ఎనేబుల్’ కూడా కొట్టాలి. కొట్టలేదు. వారానికి గాలివాన వచ్చి కరెంటు పోయింది, కాసేపటికి యూపీఎస్సూ చేతులెత్తేసింది. కరెంటొచ్చాక సర్వర్ లేచింది, ఏజెంట్ లేవలేదు. నా స్క్రీన్ మీద మాత్రం డిస్కు 61 శాతమని పచ్చగానే ఉంది. అది కరెంటు పోకముందు అందిన ఆఖరి లెక్క! నాలుగు రోజులకు, జరిగిందల్లా రాసిపెట్టుకునే లాగ్ ఫైళ్ళతో డిస్కు నిండి, కాటా దగ్గర చీటీ రావడం ఆగింది. తోతాపురి లోడ్లతో ట్రాక్టర్లు గేటు నుంచి రోడ్డుదాకా బారుకట్టాయి. ఎండకు కాయ మెత్తబడుతుంటే ఒక రైతు నన్ను తిట్టిన తిట్లు ఉత్తరంలో రాయదగినవి కావు.

ఆరోజు హడావిడిలో ఇంకో తప్పు చేశా. ఏజెంట్‌ను సర్వీసుగా లేపకుండా, అన్ని హక్కులూ ఉండే యూజరైన రూట్‌గా ఉండి చేత్తో నడిపాను. నడిచింది. మర్నాడు దాన్ని ఆపి సర్వీసుగా స్టార్ట్ చేస్తే లేచినట్టే లేచి పడిపోతోంది. గంటసేపు సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు తిరగేశాను. చివరికి సర్వీసుల లాగ్ చూపే ‘జర్నల్‌సీటీఎల్’లో చూస్తే పర్మిషన్ డినైడ్, అంటే అనుమతి లేదు, అని ఉంది. ‘ఎల్ఎస్ మైనస్ ఎల్’ కొట్టి ఫైలు ఎవరిదో చూశా. లాగ్ ఫైలుకు ఓనర్ రూట్! ముందురోజు రూట్ పేరుతో పుట్టిన ఫైలులో, మామూలు యూజర్‌గా నడిచే ఏజెంట్ ఎట్లా రాస్తుంది? ‘చౌన్’తో ఓనర్‌ను మార్చగానే లేచి కూర్చుంది. అందుకని ఏజెంట్ లేవకపోతే కాన్ఫిగ్ మీద పడకండి, ముందు లాగ్ చదవండి.

స్టాటస్‌లో ‘యాక్టివ్, రన్నింగ్’ అని చూసి సంబరపడకండి. పక్కనే ఎప్పటినుంచి అని ఉంటుంది. ఎవరూ ముట్టుకోకుండానే రెండు నిమిషాల నుంచి అని ఉంటే, పాపం అది చస్తూ పుడుతోందన్నమాట. ఆపాలంటే ‘స్టాప్’తోనే ఆపండి. ‘కిల్ మైనస్ 9’ కొడితే బలవంతంగా చంపేస్తుంది, సర్దుకునే వ్యవధి కూడా ఇవ్వదు. పాత పద్ధతి స్క్రిప్టులైతే నడుస్తున్న ప్రోగ్రాం నంబరు రాసుకునే పిడ్ ఫైలు అట్లాగే మిగిలిపోయి, మళ్ళీ లేపబోతే ఇదివరకే నడుస్తున్నానని బొంకుతుంది.

అసలు పని ఏజెంట్ దగ్గర కాదు, మానిటరింగ్ సర్వర్ దగ్గర ఉంది. డిస్కు 90 దాటితే చెప్పు అని అందరూ పెడతారు. ఐదు నిమిషాలుగా ఈ మిషను నుంచి ఏ కబురూ లేకపోతే చెప్పు అనే రూలు ఎవరికీ గుర్తుండదు. జాబిక్స్‌లో దానికి ‘నోడేటా’ అనే ఫంక్షనే ఉంది. నాకు అది అప్పుడు తెలియక కాదు, పెట్టలేదు.

రేపు ఆఫీసులో చెప్పి, ఒక టెస్టు సర్వర్‌లో ఏజెంట్‌ను కావాలనే ఆపండి. ఐదు నిమిషాలు ఆగండి. మీ ఫోన్ మోగకపోతే నాకు ఫోన్ చేయండి.

ఇట్లు,
మీ తాత