దిగులుకూ పడిశానికీ చుట్టరికం ఎలా తేలింది?

మనోవ్యాధికి మందు లేదని మన పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. చితకూ చింతకూ సున్నా ఒక్కటే తేడా అని కూడా అన్నారు. కానీ మనసు బాగా లేకపోతే ఒళ్లు పాడవుతుందన్న మాటను రుజువు చేయడం శాస్త్రవేత్తలకు చాలాకాలం కుదరలేదు. దిగులుతో ఉన్న మనిషి సరిగా నిద్రపోడు, వేళకు తినడు, సిగరెట్లు ఎక్కువ కాలుస్తాడు. జబ్బు చేస్తే తప్పు దేనిదని చెప్పాలి? పైగా మంచాన పడ్డవాణ్ని అడిగితే పాత కష్టాలన్నీ ఏకరువు పెడతాడు. ఆరోగ్యంగా తిరుగుతున్నవాడికి అవే కష్టాలు గుర్తుకైనా రావు.

ఈ కథకు మొదలుగా అందరూ చెప్పేది 1936. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న శాస్త్రవేత్త హాన్స్ సెల్యే ఆ ఏడాది ‘నేచర్’ పత్రికలో చిన్న లేఖ ప్రచురించారు. ఎలుకలను చలిలో ఉంచినా, గాయపరిచినా, అతిగా శ్రమ పెట్టినా వాటి ఒంట్లో ఒకే రకం మార్పులు కనిపించాయి: మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, రోగనిరోధక శక్తికి తోడ్పడే థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది, జీర్ణాశయంలో పుండ్లు పడ్డాయి. ‘స్ట్రెస్’ అన్న మాట ఇంటింటికీ చేరడానికి ఆయనే ముఖ్య కారకుడు. ఆయన పరిశోధనకు పొగాకు పరిశ్రమ డబ్బు కూడా అందిందని తరువాత బయటపడ్డ పత్రాలు చెబుతున్నాయి. జబ్బుకు మూలం ఒత్తిడే అంటే సిగరెట్టు మీద నింద తగ్గుతుంది కదా!

1967లో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే మనోవైద్యులు 43 జీవిత ఘటనలకు, ఏది ఎంత ఒత్తిడి తెస్తుందో లెక్కగట్టి, మార్కులు వేశారు. జీవిత భాగస్వామి మరణానికి 100, పెళ్లికి 50, ఉద్యోగం ఊడటానికి 47. మన పెళ్లిళ్లలో పిల్ల తండ్రికి ఎన్ని వేయాలో వాళ్లకు తోచి ఉండదు. జాబితా బాగా ప్రచారం పొందింది కానీ అసలు చిక్కు తీరలేదు.

ఆ చిక్కు విప్పింది పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త షెల్డన్ కోహెన్. ఆయన ఎంచుకున్నది పెద్ద జబ్బు కాదు, పడిశం. ఇంగ్లండ్‌లోని సాల్స్‌బరీ దగ్గర 1946 నుంచి పడిశం మీదే పరిశోధించే కేంద్రం ఒకటి ఉండేది. యుద్ధకాలంలో అమెరికన్లు కట్టి, తరువాత వదిలి వెళ్లిన ఆసుపత్రి అది. ఉచిత భోజనం, వసతి, కొంత చేతిఖర్చు ఇచ్చేవారు కనుక సెలవులు గడపడానికి వచ్చినట్టు వచ్చేవారు వాలంటీర్లు.

అక్కడ 394 మంది ఆరోగ్యవంతులను ముందుగా వాళ్ల కష్టాల గురించి, మనఃస్థితి గురించి అడిగారు. ఆ తరువాతే ముక్కులో వైరస్ చుక్కలు వేశారు. మరో 26 మందికి ఉప్పునీళ్లే. వాడింది అయిదు వైరస్‌లు, అందులో ఒకటి 229ఇ అనే కరోనావైరస్. ఆ పేరుకు అప్పట్లో ఎవరూ ఉలిక్కిపడలేదు. ఒత్తిడి లెక్క ముందు, వైరస్ తరువాత, అందరికీ చుక్కలు పడ్డాయి. ఈ వరుసలోనే ఉంది కోహెన్ తెలివంతా.

1991లో ఫలితం వచ్చింది. ఒత్తిడి పెరిగే కొద్దీ ఇన్‌ఫెక్షన్ సోకినవారు సుమారు 74 శాతం నుంచి 90 శాతానికి, నిజంగా పడిశం పట్టినవారు 27 నుంచి 47 శాతానికి పెరిగారు. పొగతాగడం, మద్యం, నిద్ర, తిండి లెక్కలోకి తీసుకున్నా సంబంధం చెక్కుచెదరలేదు. సాల్స్‌బరీ కేంద్రం మాత్రం అంతకు ముందు ఏడాదే మూతపడింది.

తరువాతి ప్రయోగాలు పిట్స్‌బర్గ్‌లో 276 మంది మీద జరిగాయి. ముక్కు చీదిన కాగితాలను సంచుల్లో మూటగట్టి తూకం వేశారు, కాగితం బరువు, సంచి బరువు తీసేస్తే మిగిలేది చీమిడి లెక్క. నెల లోపు ముగిసిన కష్టం పడిశం తేలేదని, నెల దాటిన నిరుద్యోగం, అయినవాళ్లతో తగవులు ముప్పు పెంచాయని 1998లో తేల్చారు. కారణం 2012లో కొంత తెలిసింది. వాపును అదుపులో ఉంచే కార్టిసాల్ అనే హార్మోన్ మాటను, దీర్ఘకాలం ఒత్తిడిలో ఉన్నవారి కణాలు సరిగా వినవు. ముక్కు కారడం, దిబ్బడ వైరస్ పని కన్నా ఆ వాపు పనే.

తగవుల సంగతి అలా ఉండగా, 1997లో ఆ బృందమే మరో లెక్క చెప్పింది. పన్నెండు రకాల బంధాలలో ఎన్నింటితో రెండు వారాలకు ఒకసారైనా పలకరింపు ఉందో అడిగితే, మూడింటికి మించనివారికి పడిశం ముప్పు, ఆరు లేదా అంతకు పైన ఉన్నవారి కంటే నాలుగు రెట్లు ఎక్కువ. ఆ పన్నెండింటిలో అత్తమామలు కూడా ఉన్నారు.